పేట పెద్దల చేత 'సరే' అనిపించడం ఎలా

మా అత్తగారి అప్పడాల బృందంలో పద్నాలుగు మంది ఆడవాళ్ళు. ఉత్తర చెన్నైలో, కొరుక్కుపేటలోని ఒక ఇరుకు వీధి వాళ్ళది. మినప్పిండి కలిపి, దంచి, ఉండలు చేసి, పీటల మీద వత్తి, మేడ మీద ఆరబెట్టి, కట్టలు కట్టేదాకా అంతా వాళ్ళే చూసుకుంటారు. వాళ్ళ చేతిలో లేనిది వాన ఒక్కటే. ఇక్కడ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు. దీపావళికీ కార్తీక మాసపు పెళ్ళిళ్ళకూ గిరాకీ పెరిగే రోజుల్లోనే మేడలన్నీ తడిసి ముద్దవుతాయి. వత్తిన అప్పడం ఆరకపోతే రెండో రోజుకే బూజు పడుతుంది. వీధి చివర కార్పొరేషన్‌ వారి పాత గది ఒకటి ఉంది. కిటికీలు బాగున్నాయి, పైకప్పు కారదు. అది దొరికితే చాలనుకున్నాం.

అడగడానికి మా వార్డు కౌన్సిలర్ ఇంటికి మూడుసార్లు వెళ్ళాం. మొదటి రెండుసార్లు శాలువా, పళ్ళు పట్టుకుని వెళ్ళి, "మా బృందం మంచి పని చేస్తోంది, మీ సహకారం కావాలి" అన్నాం. "తప్పకుండా అమ్మా" అన్నారు. ఫొటో దిగి ఇంటికి వచ్చాం. ఒక వానాకాలం పోయింది. మూడోసారి వెళ్ళినప్పుడు మాత్రం పని జరిగింది. ఈ మధ్యలో ఆ పెద్దల మనసేమీ మారలేదు, మేము అడిగే తీరు మారింది. మొదటి రెండుసార్లూ వాళ్ళు కాదనలేదు. నిజానికి మేమే ఏమీ అడగలేదు.

మీరు ఇడ్లీ బండి పెట్టాలనుకున్నా, కుట్టు మిషన్ల కేంద్రం తెరవాలనుకున్నా, పేటలోని కుర్రాళ్ళకు ఎలక్ట్రిక్ పని నేర్పాలనుకున్నా ఎక్కడో ఒకచోట పెద్దల మాట సాయం అవసరమవుతుంది. ఆ సాయాన్ని ఎలా రాబట్టుకోవాలో, బృందం లెక్కలు రాసే కోడలిగా నేను నేర్చుకున్నది వరసగా చెబుతాను.

1. 'సహకారం' అనే మాట కొట్టేయండి

బృందమంతా కూర్చుని ఒక కాగితం మీద రాయండి: పని ఎక్కడ ఆగుతోంది? "డబ్బు లేదు" అని రాయకండి. డబ్బు ఎవరికీ లేదు. పిండి ఆరబెట్టే చోటు లేదు, కరెంటు మీటరు లేదు, అమ్ముకుంటుంటే బండి తీసుకుపోతున్నారు, బ్యాంకు ఖాతా తెరవనివ్వడం లేదు అన్నట్టు, చేత్తో చూపించగలిగే అడ్డంకిని రాయండి. నాలుగైదు తేలతాయి. వాటిలో ఏ ఒక్కటి తీరితే మిగతావి సగం తీరుతాయో దాన్ని ఎంచుకోండి. ఆ ఏడాదికి అదొక్కటే అడగండి.

అడిగేది చిన్నదిగా ఉండాలి, దాని ఖర్చు లెక్క తేలి ఉండాలి. దీనికి మన చెన్నైలోనే నూరేళ్ళ నాటి ఉదాహరణ ఉంది. త్యాగరాయ నగర్‌కు ఎవరి పేరు పెట్టారో ఆ పిట్టి త్యాగరాయ సెట్టి తెలుగు దేవాంగ కుటుంబంలో పుట్టినవాడు, ఉత్తర మద్రాసులో నేత వ్యాపారం నడిపినవాడు. ఆయన మద్రాసు కార్పొరేషన్‌కు అధ్యక్షుడిగా ఉండగా 1920లో కౌన్సిల్ ముందుకు ఒక ప్రతిపాదన వచ్చింది. నగరంలోని పేద పిల్లలందరి ఆకలీ తీర్చాలని అందులో లేదు. థౌజండ్ లైట్స్ అనే ప్రాంతంలో ఉన్న ఒక్క కార్పొరేషన్ బడిలో, పిల్లవాడికి రోజుకు అణా మించకుండా ఫలహారం పెట్టాలని ఉంది. ఒక బడి, ఒక అణా. కౌన్సిల్ ఒప్పుకుంది. ఆ తర్వాతే మరికొన్ని బడులకు పాకింది. ఈరోజు మనం మధ్యాహ్న భోజనం అంటున్నదానికి మూలాల్లో అదొకటి. ఆ కాగితం మీద 'అణా' అనే మాట లేకపోయి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. సభ్యులందరూ బల్లలు చరిచి, ఇళ్ళకు వెళ్ళిపోయి ఉండేవారు.

2. ఏది ఎవరి చేతిలో ఉందో తెలుసుకోండి

మనవాళ్ళు చేసే పెద్ద పొరపాటు ఇక్కడే. కౌన్సిలర్ దగ్గరికి వెళ్ళి బ్యాంకు అప్పు అడుగుతారు, ఎంపీ దగ్గరికి వెళ్ళి గ్రైండరు అడుగుతారు. తన చేతిలో లేనిది అడిగితే ఏ నాయకుడైనా నవ్వి భుజం తడతాడు. మనం దాన్ని హామీ అనుకుంటాం.

కౌన్సిలర్‌తో మొదలుపెడదాం. చెన్నై కార్పొరేషన్‌లో 200 వార్డులున్నాయి. వీధి దీపం, కాలువ, చెత్త, కార్పొరేషన్ భవనాలు, పార్కులు, సంతలు కౌన్సిలర్ గట్టిగా నోరు విప్పగల విషయాలు. కానీ సంతకం పెట్టే చేయి చాలాసార్లు కార్పొరేషన్ వారి జోన్ ఆఫీసులో ఉంటుంది. కౌన్సిలర్ ఇవ్వగలిగింది సిఫారసు లేఖ, సభలో ప్రస్తావన, అధికారికి ఒక ఫోను. ఈ మూడింటిలో మీకు ఏది కావాలో స్పష్టంగా అడగండి. "ఇది కార్పొరేషన్ పని కాదు" అని ఎవరైనా తోసిపుచ్చితే ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలులో పట్టణ సంస్థలకు అప్పగించదగిన 18 అంశాలున్నాయి. వాటిలో ఆర్థిక, సామాజిక అభివృద్ధికి ప్రణాళిక వేయడం ఒకటి, పట్టణ పేదరిక నిర్మూలన ఇంకొకటి. రోడ్లకూ నీళ్ళకూ ఎంత చోటుందో వీటికీ అక్కడ అంతే ఉంది. దీన్ని వాదనగా ఎత్తుకోకండి, మెల్లగా గుర్తుచేస్తే చాలు.

ఎమ్మెల్యేకూ ఎంపీకీ నియోజకవర్గ నిధులుంటాయి. ఎంపీకి ఏడాదికి 5 కోట్ల రూపాయలు. ఆ సొమ్ముతో ప్రజలందరికీ పనికొచ్చే, ఎక్కువకాలం నిలిచే ఆస్తులు కట్టవచ్చు. ఒక వ్యాపారానికి పెట్టుబడిగానో జీతాలుగానో ఇవ్వడం కుదరదు. అందుకని "మా బృందానికి మిషన్లు కొనిపెట్టండి" అంటే వినడానికి బాగుంటుంది కానీ జరగదు. "పేటలోని బృందాలన్నీ వాడుకునేలా ఒక షెడ్డు వేయించండి" అంటే కనీసం ఫైలు మొదలవుతుంది. ఎంపీ చేసేది కూడా సిఫారసే, పని మంజూరు చేసేది జిల్లా యంత్రాంగం.

స్వయం సహాయక బృందాన్ని మా పేటలో తెలుగువాళ్ళం కూడా 'కుళు' అనే అంటాం. వాటి వ్యవహారం తమిళనాడు మహిళాభివృద్ధి సంస్థది. 1983లో పుట్టిన సంస్థ అది. రాష్ట్రంలో మొదటి బృందాలు 1989లో ధర్మపురి జిల్లాలో మొదలయ్యాయి. బృందానికి గుర్తింపు, శిక్షణ, బ్యాంకుతో ముడి అన్నీ వాళ్ళ ద్వారానే. ఇక్కడ రాజకీయ నాయకుడి అవసరం దాదాపు లేదు. పుస్తకాలు సరిగ్గా ఉంటే చాలు. అనవసరంగా నాయకుణ్ణి మధ్యలోకి లాగి, తర్వాత ఆయన మనిషిని బృందంలో చేర్చుకోలేక ఇబ్బంది పడినవాళ్ళను చూశాను.

బండి మీద అమ్మేవాళ్ళైతే ఇంకో సంగతి. మీరు అడగబోయేది దయ కాదు, హక్కు. వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. దాని ప్రకారం ప్రతి పట్టణంలో ఒక పట్టణ విక్రయ కమిటీ ఉండాలి. అందులో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఎన్నుకున్న ప్రతినిధులు, వాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళు. సర్వే పూర్తయ్యి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఉన్నవాళ్ళను లేపేయకూడదు. స్వాధీనం చేసుకున్న సరుకు పాడయ్యేదైతే అడిగిన రోజే, పాడవనిదైతే రెండు పనిదినాల్లో తిరిగి ఇవ్వాలి. ఇవి తెలిసినవాళ్ళు కౌన్సిలర్ దగ్గరికి వెళ్తే మాట వేరుగా ఉంటుంది. "మమ్మల్ని వదిలేయమనండి సార్" అని బతిమాలే బదులు, "సర్వేలో మా వీధి పేర్లు తప్పిపోయాయి, చేర్చమని కమిటీకి రాయండి" అని అడగగలుగుతారు.

ప్రభుత్వం బయట కూడా పెద్దలున్నారు. చెన్నైలో తెలుగువాళ్ళు వాళ్ళను మరిచిపోతే నష్టపోయేది మనమే. కుల సంఘాలు, ధర్మసత్రాలు, గుడి ట్రస్టులు, వర్తక సంఘాల చేతిలో ఈ నగరంలో చాలా గోడలూ పైకప్పులూ ఉన్నాయి. జార్జిటౌన్‌లోని కొత్తవాల్ చావడి కూరగాయల మార్కెట్టు ఎన్నో ఏళ్ళు శ్రీ కన్యకా పరమేశ్వరి దేవస్థానం వారి స్థలంలోనే నడిచింది. 1996లో టోకు వ్యాపారం కోయంబేడుకు మారేదాకా నగరమంతటికీ కూరలు అక్కణ్ణుంచే. అంటే ఒక గుడి ట్రస్టు నగరపు అంగడికి చోటిచ్చింది. మీ పేటలోని చిన్న రామాలయం కమిటీ శ్రీరామనవమి తొమ్మిది రోజులూ ప్రాంగణంలో ఒక బల్ల వేసుకోనివ్వదా? అడిగి చూడండి. మాకు మొదటి పెద్ద అమ్మకం అలా జరిగిందే.

చివరగా, ఏ పదవీ లేని పెద్దలు. రిటైరయిన హెడ్మాస్టరు, అందరికీ మందులిచ్చే కాంపౌండరు, పార్టీ వట్టం (వార్డు) కార్యదర్శి, మూలమీద టీకొట్టు ఆయన. కౌన్సిలర్ ఎవరి మాట వింటారో కనుక్కోవాలంటే ఒకటే దారి. ఆయన ఇంట్లో పెళ్ళికి ముందు వరసలో ఎవరు కూర్చున్నారో పేటలో ఎవరినడిగినా చెబుతారు.

3. ముందుగా నష్టపోయేవాళ్ళ గుమ్మం తొక్కండి

ఈ అంచెను దాటేసినందుకే మా మొదటి రెండు ప్రయత్నాలూ నీరుగారిపోయాయి.

ఆ గది మూతబడి ఉందని మేమనుకున్నాం. కాదు. సాయంత్రమైతే వీధి కుర్రాళ్ళు పదిమంది అక్కడ క్యారమ్స్ ఆడతారు. ఉత్తర చెన్నైలో క్యారమ్స్ అంటే కాలక్షేపం కాదు. ఇక్కడి ఇరుకు గదుల్లోంచి పెద్ద పెద్ద ఆటగాళ్ళు వచ్చారు, పోటీల్లో నెగ్గి ఉద్యోగాలు తెచ్చుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. ఆ పదిమంది కుర్రాళ్ళే ఎన్నికలప్పుడు కౌన్సిలర్ తరఫున ఇల్లిల్లూ తిరుగుతారు. మేము గది అడిగామని తెలిసిన సాయంత్రమే వాళ్ళు వెళ్ళి, "మా బోర్డు ఎక్కడ పెట్టుకోవాలి అన్నా?" అని అడిగారట. పద్నాలుగు మంది అత్తమ్మలకు తప్పకుండా అని చెప్పిన మనిషి, ఆ కుర్రాళ్ళకూ తప్పకుండా అని చెప్పాడు. నాయకుడి స్థానంలో మీరున్నా అంతే చేస్తారు.

మూడోసారి ముందుగా కుర్రాళ్ళ దగ్గరికే వెళ్ళాం. మా అత్తగారు ఒక పళ్ళెంలో వేడి అప్పడాలు వేయించి పట్టుకెళ్ళి, బోర్డు పక్కన బెంచీ మీద కూర్చుని, ఆట అయ్యేదాకా ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "తంబీ, పగలు మీరెవరూ ఇక్కడ ఉండరు కదా. పొద్దున్న ఎనిమిది నుంచి ఐదు దాకా మాకు, ఆరు తర్వాత మీకు. గది ఊడ్చి, దీపం పెట్టి ఇస్తాం" అంది. ఒకడు, "పిండి వాసన వస్తుంది పాటీ (అవ్వా)" అన్నాడు. ఇంకొకడు వాడి నెత్తిన మొట్టి, "తినేటప్పుడు రాలేదా?" అన్నాడు. సంతకాలు అక్కడే పెట్టించుకున్నాం. ఒకటి రెండుసార్లు బోర్డు మీద చల్లే పొడి అయిపోయినప్పుడు మా బియ్యప్పిండి పట్టుకుపోయారు. అది వేరే గొడవ.

మీరు ఏ పని తలపెట్టినా దానివల్ల చోటో, గిరాకీయో, పలుకుబడో తగ్గేవాళ్ళు ఒకరైనా ఉంటారు. బండి పెడితే పక్కనున్న హోటలాయన, షెడ్డు వేస్తే అక్కడ ఆటోలు ఆపుకునేవాళ్ళు, కొత్త బృందం వస్తే పాత బృందం నాయకురాలు. వాళ్ళను జాబితాగా రాసుకోండి. ఒక్కొక్కరి దగ్గరికీ ఇద్దరు వెళ్ళండి. అందరూ ఒప్పుకోరు. ఒప్పుకోనివాళ్ళ అభ్యంతరం ఏమిటో తెలిసినా చాలు, నాయకుడి ముందు దాన్ని మీరే ఎత్తవచ్చు. ఆయనకు మీ ద్వారా తెలిస్తే అది వివరం. వాళ్ళ ద్వారా తెలిస్తే తగాదా.

4. ఒక్క పేజీ అర్జీ

అర్జీ తమిళంలో ఉండాలి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే మనలో చాలామందికి తమిళం రాయడం రాదు. బడికి వెళ్ళే పిల్లల చేత రాయించండి, పెద్దవాళ్ళ చేత ఒకసారి చదివించి వినండి. రాసేవాడు తనకు తోచిన పొగడ్తలు కలుపుతాడు, వాటిని తీసేయించండి. మేము ఇచ్చిన అర్జీ తెలుగులో చెబితే ఇలా ఉంటుంది:

"మేము ఈ వీధిలో ఉండే పద్నాలుగు మంది మహిళలం. ఏడేళ్ళుగా అప్పడాలు చేసి అమ్ముకుంటున్నాం. ఆరబెట్టే చోటు లేక వానాకాలంలో మూడు నెలలు పని ఆగిపోతోంది. వీధి చివర ఉన్న కార్పొరేషన్ గదిని పగలు 8 గంటల నుంచి 5 గంటల వరకు, పదకొండు నెలల పాటు వాడుకోవడానికి అనుమతి కోరుతున్నాం. కార్పొరేషన్ నిర్ణయించిన అద్దె, కరెంటు బిల్లు మేమే కడతాం. సాయంత్రం 6 తర్వాత వీధి యువకులు గదిని ఎప్పటిలాగే వాడుకుంటారు. వారి అంగీకారం జతచేశాం. దీనికి సిఫారసు చేస్తూ జోన్ అధికారికి తమరు లేఖ ఇవ్వాలని మనవి."

అంతే. మేమెవరం, అడ్డంకి ఏమిటి, ఏం కావాలి, ఎంతకాలం, ఖర్చు ఎవరిది, ఎవరికి అభ్యంతరం లేదు, మీరు చేయవలసిన పని ఏమిటి అనే ఏడు సంగతులూ అందులో ఉన్నాయి. "అద్దె మేమే కడతాం" అన్న మాట రాయడానికి మాలో కొందరు ఒప్పుకోలేదు. ఉచితంగా వస్తుందేమోనని ఆశ. నేను పట్టుబట్టాను. ఉచితంగా ఇచ్చినదాన్ని ఉచితంగానే తీసేసుకోవచ్చు. రసీదు ఉన్నవాణ్ణి ఖాళీ చేయించాలంటే కాగితం పుట్టాలి.

వెనుక జతచేయవలసినవి: సభ్యుల పేర్లు, సంతకాలు, బృందం పాసు పుస్తకం నకలు, గది ఫొటో, ఆహార పదార్థాలైతే ఆహార భద్రత రిజిస్ట్రేషన్ నకలు. చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ ఉచితం. దానికి వందలూ వేలూ అడిగే మధ్యవర్తులకు ఇవ్వకండి. రెండు ప్రతులు తీసుకెళ్ళండి. ఒకటి వాళ్ళకు, రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకుని మీకు. ఆ రెండో ప్రతే ముందుముందు మీ ఆయుధం.

5. గుమ్మం ఎక్కే రోజు

ఐదుగురు చాలు. పద్నాలుగు మందీ వెళ్తే ధర్నా అనుకుంటారు, ఒక్కరే వెళ్తే ఇంటి పని అనుకుంటారు. ఉదయం ఎనిమిది లోపు వెళ్ళండి, ఆ తర్వాత కాలువ పొంగినవాళ్ళూ నీళ్ళు రానివాళ్ళూ వస్తారు. మాట్లాడేది ఒక్కరే. ఆ ఒక్కరూ పనిచేసే చేతులున్న మనిషి అయి ఉండాలి, నాలా లెక్కలు రాసేది కాదు.

తమిళనాడులో పట్టణ సంస్థల్లో సగం స్థానాలు ఆడవాళ్ళవి. 2022 ఎన్నికల తర్వాత చెన్నైలో మహిళా కౌన్సిలర్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. కొన్నిచోట్ల కుర్చీలో భర్తగారు కూర్చుని ఉంటారన్నది కూడా తెలుసు. ఏం చేయాలి? భర్తగారికి నమస్కారం పెట్టండి, మర్యాదకు లోటు రానివ్వకండి. కానీ అర్జీ మాత్రం, "అమ్మగారి చేతికే ఇస్తాం అన్నా, ఆడవాళ్ళ పని కదా" అని కూర్చోండి. ఎంతసేపైనా సరే. మేము ముప్పావు గంట కూర్చున్నాం. ఆవిడ వంటింట్లోంచి చేయి తుడుచుకుంటూ వచ్చి, కాగితం నిలబడే చదివి, మొదట అడిగిన మాట: "ఆరబెట్టడానికి ఫ్యాన్లు పెడతారా, కరెంటు లోడు సరిపోతుందా?" ఆ ప్రశ్న ఆయనకు జన్మలో తట్టేది కాదు. వాళ్ళమ్మగారింట్లో కూడా అప్పడాలు చేసేవారట.

మీ వార్డు కౌన్సిలర్ తెలుగువారే అయితే మాటలు తెలుగులోకి మళ్ళడం సహజం. అయినా పక్కన తమిళ సోదరులుంటే తమిళంలోనే మాట్లాడండి. "మన తెలుగువాళ్ళకు చేయండి" అన్న మాట ఎన్నడూ అనకండి. అది పక్కవాళ్ళ చెవిలో పడితే, మీ పని ఒక వీధి పని కాకుండా ఒక కులం పనో ఒక భాష పనో అయిపోతుంది. మా పద్నాలుగు మందిలో ముగ్గురు తమిళులు. అర్జీ మీద మొదటి సంతకం వాళ్ళలో ఒకరిదే.

ఓట్ల మాట వస్తుంది. నేరుగా కాకపోయినా, "మీ వీధిలో ఎన్ని ఇళ్ళు?" అన్న రూపంలో. ఇళ్ళ సంఖ్య చెప్పండి. ఓట్లు మాత్రం వాగ్దానం చేయకండి. మాట ఇచ్చిన మరుక్షణం అవతలి పార్టీవాళ్ళకు మీరు శత్రువులు. అర్జీ ప్రతిని ఓడిపోయిన అభ్యర్థికి కూడా ఇచ్చి రావడం మంచిది. సాయం కోసం కాదు, అడ్డు రాకుండా.

డబ్బు అడిగితే? అడిగేది సాధారణంగా నాయకుడు కాదు, పక్కనున్నవాడు. "బృందం తీర్మానం లేకుండా ఒక్క రూపాయి కూడా తీయలేం, పుస్తకంలో రాయాలి" అని చెప్పండి. పుస్తకంలో రాయాలి అన్న మాట చాలాసార్లు పనిచేస్తుంది. అయినా వదలకపోతే రాష్ట్రానికి అవినీతి నిరోధక విభాగం ఉంది. ఆ దారి పట్టేముందు బృందమంతా ఒక మాట మీద ఉన్నారో లేదో చూసుకోండి.

6. 'సరే' అన్న తర్వాత

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. సిఫారసు లేఖ మాకు వారంలో వచ్చింది. జోన్ ఆఫీసులో ఫైలు కదలడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది.

ఈ దశలో కోపం పనికిరాదు, క్రమం పనికొస్తుంది. ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ఏ తేదీన ఎవరిని కలిశాం, ఏమన్నారు, మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారు అని రాయండి. చెప్పిన రోజున చెప్పిన గంటకు వెళ్ళండి. రమ్మన్నవాళ్ళు ఉండకపోవచ్చు, మీరు వెళ్ళిన సంగతి మాత్రం పక్క బల్ల గుమాస్తాకు తెలుస్తుంది. ఇంజినీరును గది చూడడానికి పిలిచినప్పుడు ఇద్దరు అక్కడే ఉండి, కారే చోటు ఉంటే అదీ, తీగలు తెగిన చోటూ చూపించాలి. ఆయన రాసే నివేదికే అసలు ఫైలు.

కదలకపోతే మెట్లున్నాయి. మొదట వార్డు కమిటీ, ఏరియా సభ (వార్డులోని ఒక్కో ప్రాంతపు ఓటర్ల సభ). వార్డు కమిటీకి అధ్యక్షత వహించేది కౌన్సిలరే కాబట్టి, అక్కడ అడిగితే మీరు ఆయన మీద ఫిర్యాదు చేసినట్టు కాదు, ఆయన చేతికి బలం ఇచ్చినట్టు. ఆ తర్వాత సోమవారం రాజాజీ సాలైలోని కలెక్టరు కార్యాలయంలో జరిగే అర్జీల దినం. అప్పటికీ జవాబు లేకపోతే పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. దాన్ని మొదటి మెట్టుగా వాడేవాళ్ళున్నారు. నా మాట వింటే, ఆఖరిదిగా దాచుకోండి. సమాచార హక్కు కాగితం చూసిన ఆఫీసు ముందు జవాబు తయారుచేస్తుంది, పని తర్వాత చూస్తుంది.

క్యాలెండరు కూడా చూసుకోండి. ఎన్నికల ప్రకటన వచ్చిందంటే ప్రవర్తనా నియమావళి పేరుతో కొత్త మంజూర్లన్నీ ఆగిపోతాయి. వానలు మొదలైతే ఇంజినీర్లందరూ మోటారు పంపుల వెంట ఉంటారు. చెన్నైలో ఫైలు కదిలించడానికి జనవరి నుంచి సెప్టెంబరు లోపే మంచి కాలం.

7. రిబ్బను, బోర్డు, తాళం

గది వచ్చింది. ఇప్పుడు పేరు ఎవరిది?

పేరు నాయకులకు ఇవ్వండి, ధారాళంగా ఇవ్వండి. రిబ్బను కౌన్సిలరమ్మ చేత కత్తిరించండి. ఇంజినీరును పిలవండి, గుమాస్తాను పిలవండి, క్యారమ్స్ కుర్రాళ్ళను ముందు వరసలో కూర్చోబెట్టండి. ఓడిపోయిన అభ్యర్థికి కూడా పిలుపు పంపండి. ఆయన వస్తే మంచిది, రాకపోతే ఇంకా మంచిది. కానీ గోడ మీద పార్టీ రంగు పడనివ్వకండి. మాకు ఉచితంగా రంగు వేయిస్తామన్నారు, ఆ రంగు ఏదో వేరే చెప్పనక్కరలేదు. మా అత్తగారు, "పిండి పని కదయ్యా, తెల్ల సున్నమే శుభ్రం" అని ఊరుకుంది. ఆ రెండు బకెట్ల సున్నం మేమే కొనుక్కున్నాం.

పేరు ఇచ్చినా కాగితం, ఖాతా, తాళం మాత్రం ఇవ్వకండి. అనుమతి పత్రం బృందం పేర ఉండాలి, నాయకురాలి సొంత పేర కాదు. బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకాలు. ఎవరో సిఫారసు చేసిన కొత్త మనిషిని చేర్చుకోవాలంటే బృందం తీర్మానం కావాలన్న నియమం మొదటి రోజే పుస్తకంలో రాయండి. తర్వాత రాస్తే ఒక మనిషి కోసం రాసినట్టుంటుంది.

మూడు నెలలకొకసారి కౌన్సిలర్ దగ్గరికి ఏమీ అడగకుండా వెళ్ళి రండి. ఒక కాగితం మీద ఎంత సరుకు చేశాం, ఎంతమందికి పని దొరికింది, అద్దె రసీదు ఇదిగో అని రాసి, ఒక కట్ట అప్పడాలతో ఇచ్చి రండి. కౌన్సిల్ సమావేశానికి వెళ్ళేటప్పుడు ఆవిడకు చెప్పుకోవడానికి ఒక మాట కావాలి కదా. మొన్న పదకొండు నెలలు నిండి అనుమతి పొడిగించుకోవలసి వచ్చినప్పుడు మేము మళ్ళీ అర్జీ రాయలేదు. పాత అర్జీ నకలు మీద ఆవిడే రెండు వాక్యాలు రాసి పంపారు. గది తాళాలు రెండు. ఒకటి మా అత్తగారి కొంగుకు, ఒకటి క్యారమ్స్ కుర్రాళ్ళ దగ్గర.